జూలూరుపాడు వరండాలో విన్న నవ్వు



రైలులో కొత్తగూడెం చేరేవారిని స్టేషన్ బోర్డే మొదట నవ్విస్తుంది. ఊరు కొత్తగూడెం, బోర్డు మీద పేరు 'భద్రాచలం రోడ్'. డోర్నకల్ జంక్షన్ దగ్గర చీలిన లైను మీద మొదటిసారి వచ్చిన యాత్రికులు మూటలు దింపుకొని, "గుడి ఎటు పోవాలి?" అని అడుగుతారు. గుడి ఇంకా సుమారు 40 కిలోమీటర్ల అవతల, గోదావరి ఒడ్డున ఉన్నది. "ఇక్కడ రోడ్డే ఉంది, భద్రాచలం అక్కడుంది" అని ఆటోవాళ్ళు ఏళ్ళ తరబడి అదే మాట చెప్పి అంతే హాయిగా నవ్వుతుంటారు. ఎదుటివాడు కూడా నవ్వి ఆటో ఎక్కుతాడు. ఈ ప్రాంతపు హాస్యం ఇటువంటిదే. ఎవరినీ నొప్పించదు, దారి మాత్రం చూపిస్తుంది.

మేము పోవలసినది భద్రాచలం వైపు కాదు, దానికి ఎదురు దిక్కున ఉన్న జూలూరుపాడుకు. కొత్తగూడెం నుండి సుజాతనగర్ మీదుగా బస్సు పోతుంది. ఖమ్మం నుండి వచ్చేవారైతే వైరా, తల్లాడ, ఏన్కూరు దాటి వస్తారు. పేరు చివర 'పాడు' ఉన్నదని పాడుబడిన ఊరనుకోకండి. ఊరు అన్న అర్థంలో అది పాత మాట, మన జిల్లాల్లో ఆ పేరున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లాను విడదీసినప్పుడు ఈ మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చినది. రోడ్డు వెంట పత్తి చేలు, మిరప తోటలు. రోడ్డు వదిలి లోపలికి తిరిగితే లంబాడీ తండాలు, కోయ గూడేలు. వాటి వెనుక అడవి మొదలవుతుంది.

అడవి అంచున బ్రతికేవారికి జబ్బు చేస్తే దారి ఎలా ఉంటుందో పట్నంవారికి చెప్పడం కష్టం. జ్వరం వస్తే మొదట ఊళ్ళోని ఆర్‌.ఎం.పీ. దగ్గరకు పోతారు. తగ్గకపోతే మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడా కాకపోతే కొత్తగూడెం, ఆ తరువాత ఖమ్మం, చివరకు హైదరాబాదు. ఒక్కొక్క మెట్టుకు ఒక బస్సు, ఒక రోజు కూలి, ఒక అప్పు. అన్నిటికంటే ముందు ఒక భయం. ఆ పెద్ద భవనంలో నన్ను ఎవరు పలకరిస్తారు? నా మాట వాళ్ళకు అర్థమవుతుందా? సూది వేస్తారా, కోస్తారా? ఈ భయంతోనే సగంమంది మొదటి మెట్టు దగ్గర ఆగిపోతారు. మందు లేక ప్రాణం పోయిన ఇళ్ళు మనకు తెలుసు. మందు ఉండీ భయంతో పోయిన ఇళ్ళు కూడా తక్కువేమీ కాదు.

మేము వెళ్ళినది సంఘంలోని ఒక వృద్ధురాలిని పరామర్శించడానికి. నాతో వచ్చిన పాస్టరు గారికి బీపీ గోళీలు అయిపోయినందున ముందుగా ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర ఆగినాము. వరండాలో బల్లల మీద ముప్పై మంది దాకా ఉన్నారు. మిరపకాయ ఏరే రోజులు గనుక చాలామంది కల్లం నుండి నేరుగా వచ్చినట్లున్నారు, బట్టలకు ఆ ఘాటు ఇంకా అంటుకొని ఉన్నది. పాస్టరు గారు రెండుసార్లు తుమ్మినారు. మిరప కల్లంలో అందరూ దగ్గుతారు గనుక ఎవరి దగ్గు మిర్చిదో, ఎవరి దగ్గు క్షయదో తెలియదని ఒక నర్సమ్మ అన్నది. "రెండు వారాలు దాటిన దగ్గు మిర్చిది కాదు, నాది" అని ఆమె లెక్క. అంటే తెమడ పరీక్ష చేయవలసినదని అర్థం.

అంతలో ఒక తాత వచ్చి గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళుంటాయి, సన్నగా ఎండిపోయి ఉన్నాడు. నర్సమ్మ అతన్ని చూడగానే లేచి వచ్చినది.

"తాతా, గోళీలు మింగుతున్నవా?"

"బంద్ పెట్టిన బిడ్డా."

"ఎందుకే?"

తాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. తగ్గించినా వరండా అంతా వినిపించినది. "ఒంటేలు ఎర్రగ వస్తున్నది. నెత్తురు పోతున్నది. ఇగ నేను బతకను."

నర్సమ్మ వెంటనే నవ్వలేదు. ఇది నేను ప్రత్యేకంగా గమనించినాను. అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తాను ముక్కాలిపీట లాక్కొని అతని మోకాళ్ళ ఎత్తున కూర్చున్నది. కంటి రెప్పలు లాగి పచ్చబడినవేమో చూసినది. వాంతులవుతున్నాయా, అన్నం సయిస్తున్నదా అని అడిగినది. అవన్నీ అయిన తరువాతే ముఖమంతా నవ్వు చేసుకొని, "తాతా, అది నెత్తురు కాదు, నా మందు రంగు. ఆ ఎరుపే నాకు పోలీసు. నువ్వు గోళీ మింగినవో, కోళ్ళకు వేసినవో అదే నాకు చెప్తది. ఇగ నిన్ను అడగను, మీ ఇంటెనక గోడ చూసి పోత!" అన్నది.

వరండా ఘొల్లుమన్నది. పత్రికలో వ్రాయదగిన మాట కాదేమోనని సంకోచించినాను గానీ, ఆ ఉదయం ఆ మనిషిని కాపాడిన మాట అదే గనుక వ్రాస్తున్నాను. తాత మొదట సిగ్గుపడ్డాడు, తరువాత పండ్లు లేని నోటితో అందరికంటే ఎక్కువ నవ్వినాడు. "కోళ్ళకు వెయ్యలేదే, చూరులో పెట్టిన" అని ఒప్పుకున్నాడు.

విషయం చిన్నదిగా కనిపించవచ్చును. కాని ఆలోచించండి. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ అనే మందు మూత్రాన్ని నారింజ ఎరుపుగా మారుస్తుంది. అది హాని కాదు. ఆ సంగతి చెప్పకపోతే అక్షరం రాని పల్లె మనిషి నెత్తురనుకుంటాడు. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు ప్రతి రోజూ మింగాలి. మధ్యలో మానివేస్తే క్రిములు మందుకు లొంగకుండా మొండివవుతాయి, ఆ మొండి క్షయ ఇంట్లోని మనుమలకు అంటుతుంది. ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి క్షయ రోగికి ఆహారం కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది. గోళీలు ఉచితం, డబ్బు కూడా బ్యాంకులో పడుతుంది. అయినా ఒక భయం వల్ల ఆ గోళీలన్నీ చూరులోకి పోయినాయి. వాటిని చూరులో నుండి దింపినది నర్సమ్మ మాట.

పాస్టరు గారు బీపీ గోళీలు తీసుకుంటూ ఆమెను అడిగినారు, "అమ్మా, అందరితో ఇట్లాగే హాస్యమాడతారా?" అని. ఆమె తల అడ్డంగా ఊపినది. "వరస కలవంది ఎట్ల ఆడత సార్?"

ఆ మాట నన్ను చాలాసేపు పట్టుకున్నది. మన తెలుగిళ్ళలో హాస్యానికి వరస ఉన్నది గదా. బావ మరదలిని ఆట పట్టిస్తాడు, తాత మనుమడిని వెక్కిరిస్తాడు, మేనత్త అల్లుడిని ఏడిపిస్తుంది. అదే మాట వరస కానివాడు అంటే తగువులవుతాయి. ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చున్న మనిషికి, కోటు వేసుకున్న మనిషికి మధ్య ఏ వరసా లేదు. వరస లేనిచోట హాస్యం ఎగతాళి అవుతుంది. కనుక ఈమె మొదట వరస కలుపుతుంది. ముసలివాడైతే తాత, నడివయసు స్త్రీ అయితే పెద్దమ్మ. తండా నుండి వచ్చిన లంబాడీ తల్లిని 'యాడీ' అని వాళ్ళ మాటలోనే పిలుస్తుంది. పిలిచి ఊరుకోదు, ఆ వరసకు తగ్గ పని కూడా చేస్తుంది. ఎవరి బిడ్డ పెండ్లి ఎప్పుడో, ఎవరి ఎద్దు పోయిందో ఆమెకు తెలుసు. ఆ తరువాతే వెక్కిరించే హక్కు వస్తుంది. వేళాకోళమాడే వాళ్ళు మనకు కావలసినంతమంది ఉన్నారు. ముక్కాలిపీట మీద కూర్చొని కంటి రెప్ప లాగి చూసేవాళ్ళే తక్కువ.

దీనికి విరుద్ధమైనది కూడా నేను చూసినాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పట్నంలో, పేరు అనవసరం, ఒక పెద్ద ఆసుపత్రికి అడవి పల్లె నుండి ఒక స్త్రీని తీసుకొనిపోయినాము. ఏమి బాధ అని అడిగితే ఆమె తన ఊరి మాటలో, "కడుపులో ఏదో కుందేలు ఎగురుతున్నట్లుంది" అన్నది. అక్కడివారు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వినారు. "కుందేలును పట్టుకొచ్చినారా?" అన్నారొకరు. ఆమె అర్థమయీ కానట్టు తానూ నవ్వినది. ఇంటికి వచ్చిన తరువాత మరల ఏ ఆసుపత్రికీ రానని భీష్మించుకున్నది. రెండింటా నవ్వు ఉన్నది, రెండింటా పల్లెటూరి మనిషి ఉన్నాడు. తాత నలుగురితో కలిసి నవ్వినాడు. ఆమెనేమో నలుగురు కలిసి నవ్వినారు. రోగి దేహంలో ఏముందో చెప్పగలిగినది రోగి ఒక్కడే. అతని మాటను చులకన చేస్తే రోగం ఆనవాలే పోతుంది.

కొన్ని జబ్బులను లోకం ఎప్పుడూ వెలివేసి, వెక్కిరించినది. కుష్ఠురోగినైతే ఊరి బయటకే నెట్టినది. అటువంటి రోజుల్లో, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలైన ఇసాబెల్ కెర్ర్, జార్జి కెర్ర్ దంపతులు 1915లో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పినారు. దానికి రాజా నర్సాగౌడ్ ధన సహాయం చేసినారు. ఆనాడు మందు అడవిబాదం జాతి చెట్ల గింజల నూనె. సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి. ఎవరూ ముట్టని మనిషి చేయి పట్టుకొని ఆ సూది వేయడానికి ఒకరు సిద్ధపడడమే అప్పటి గొప్ప వైద్యం. ఏ రోగి దగ్గరైనా ముందు ఆ చేయి పట్టుకోవాలి, నవ్వు ఆ తరువాతి మాట.

ఈమధ్య లోకమంతటా ఈ విషయం మీద చర్చ జరిగినది. అమెరికాలో నార్మన్ కజిన్స్ అనే పత్రికా సంపాదకుడు 1964లో కీళ్ళు బిగుసుకుపోయే జబ్బుతో మంచం పట్టి, హాస్య చిత్రాలు వేయించుకొని చూసినాడు. పది నిమిషాలు పగలబడి నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని 1976లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వ్రాసినాడు. మందులు మాని నవ్వమని అతను కూడా చెప్పలేదు. అదే దేశంలో ప్యాచ్ ఆడమ్స్ అనే వైద్యుడు 1971లో స్నేహితులతో కలిసి తాము ఉండే ఇంటినే ఉచిత ఆసుపత్రి చేసి, ముక్కుకు ఎర్రబంతి తగిలించుకొని రోగులను నవ్వించేవాడు. అతని మీద 1998లో సినిమా వచ్చినది. మన తెలుగులో 2004లో వచ్చిన 'శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.' కథ కూడా ఇటువంటిదే. సినిమా ఊసు ఎత్తినందుకు సంఘ పెద్దలు మన్నించాలి. రోగిని కౌగిలించుకొనే ఆ దాదాను చూసి మన పిల్లలు నేర్చుకున్నది, మన ప్రసంగాలు విని నేర్చుకున్నదానికంటే తక్కువేమీ కాదు.

ఇంగ్లాండులో రాబిన్ డన్బార్ అనే పరిశోధకుని బృందం 2011లో కొన్ని ప్రయోగాలు ప్రకటించినది. హాస్య దృశ్యాలు చూసి పగలబడి నవ్వినవారు ఆ తరువాత నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగినారట. నవ్వినప్పుడు దేహంలోనే నొప్పిని తగ్గించే రసాయనాలు పుడతాయని వారి భావన. మర్యాదకు పెదవులు కదిపే చిరునవ్వుకు ఆ శక్తి లేదు, పొట్ట చెక్కలయ్యే నవ్వు కావాలి. అది నలుగురు కూడినచోట ఎక్కువగా వస్తుంది. మన వరండాకు ఈ మాట ఎంత సరిపోతుందో చూడండి! ఇటలీలో 2005లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, ఆపరేషనుకు పోయే పిల్లల దగ్గరకు విదూషకులను పంపితే పిల్లల భయం బాగా తగ్గినది. కాని పనికి అడ్డు వస్తున్నారని అక్కడి సిబ్బందిలో ఎక్కువమంది ఆ ఏర్పాటును కొనసాగించవద్దన్నారు. ఇది చదివి నాకు నవ్వు వచ్చినది గానీ, సిబ్బంది బాధ కూడా అబద్ధం కాదు. ముప్పై మంది వరుసలో ఉన్నప్పుడు నవ్వించే తీరిక ఎక్కడిది? మన నర్సమ్మ మాటకు అర నిమిషం కూడా పట్టలేదు, నిజమే. ఆమెకు ఆ వరస కలపడానికి మాత్రం ఏళ్ళు పట్టి ఉండాలి.

ఇక మేము పోయిన పరామర్శ సంగతి. వృద్ధురాలి ఇల్లు రోడ్డు నుండి లోపలికి, పత్తి చేల మధ్య నుండి పోతే వస్తుంది. కడుపులో క్యాన్సర్. ఇక కోతలు, కరెంటులు పెట్టి లాభం లేదని, ఇంటి దగ్గరే చూసుకోమని పట్నంలో చెప్పినారు. ఆ మాట విని ఇంటివారు, 'ఇక చేయగలిగినది లేదు' అనుకున్నారు. అది సరి కాదు. జబ్బు నయం కానప్పుడు కూడా నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, ఇంటివారికి ధైర్యం చెప్పడం అనే వైద్యం ఉన్నది. లండనులో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రమం తెరిచి దీనికి దారి వేసినారు. మన తెలంగాణలో చేవెళ్ళతో మొదలుపెట్టి జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచినారు. మంచం మీది రోగుల ఇళ్ళకు పోయే బండ్లకు 'ఆలన' అని చక్కని పేరు పెట్టినారు. 2014లో చట్టం సవరించిన తరువాత, క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ గోళీలు ఇవ్వడానికి ఆసుపత్రులకు అడ్డంకులు తగ్గినాయి. ఈ అవ్వ కొడుకు అటువంటి గోళీలే తెచ్చి, వేళకు వేస్తున్నాడు. నొప్పి తగ్గినది. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని నవ్వించబోవడం క్రూరత్వం. గోళీ ముందు, హాస్యం తరువాత.

మేము పోయేసరికి అవ్వ మంచం చుట్టూ ఐదారుగురు కూర్చొని ఉన్నారు. మన పరామర్శలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. వచ్చినవారు గడప దాటుతూనే, "అయ్యో, ఎంత చిక్కిపోయినవే!" అంటారు. తరువాత అదే జబ్బుతో పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా తీస్తారు. మేనమామ కూతురు ఎన్ని రోజులు తీసుకున్నదో, చివర ఎట్లా అయిపోయిందో లెక్క చెప్తారు. ఆ తరువాత కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఇక కాఫీ. యోబు స్నేహితులను మనం ఆదివారంనాడు తప్పుపడతాము గానీ, వారు మొదటి ఏడు దినాలు రోగితో పాటు నేల మీద కూర్చొని ఒక్క మాటయినా పలకలేదని ఆ గ్రంథం 2వ అధ్యాయంలోనే ఉన్నది. నోరు తెరిచిన తరువాతే వారు చెడిపోయినారు. మనకు ఆ ఏడు దినాల ఓపిక కూడా లేదు.

ఆనాడు కూడా సరిగా అదే జరుగుతున్నది. ఒకామె ఏన్కూరు వైపు చనిపోయిన తన బంధువు సంగతి ఎత్తుకున్నది. మరొకామె ముక్కు చీదుతున్నది. పాస్టరు గారు ఏమి అనాలో తోచక బైబిలు సంచీ ఒక చేతి నుండి మరొక చేతికి మార్చుకుంటున్నారు. అవ్వ కళ్ళు మూసుకొని అన్నీ వింటున్నది. కోడలు వంగి, "అత్తమ్మా, ఏమన్న కావాల్నా?" అని అడిగినది.

అవ్వ ఒక కన్ను తెరిచినది. "నాకేం వద్దు. ఈళ్ళకు ఇంత టీ పొయ్యి. పొద్దటి సంది ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన్రు, నాకంటే ముందే పోయేటట్లున్నరు."

క్షణం సేపు ఎవరికీ నవ్వాలో మానాలో తెలియలేదు. ముందుగా నవ్వినది ముక్కు చీదుతున్న ఆమె. కోడలు మంచం కోడు పట్టుకొని వంగిపోయి నవ్వినది. ఆ నవ్వుతోనే ఆమె కళ్ళలో నుండి నీళ్ళు కారినాయి, అవి అవ్వ చేతి మీద పడితే అవ్వ తుడిచినది. ఏన్కూరు బంధువు కథ అక్కడితో ఆగిపోయినది. ఎవరో అవ్వ చిన్ననాటి సంగతి తీసినారు. తునికాకు కోతకు పోయి ఎలుగుబంటిని చూసి చెట్టెక్కిన కథ. అది చెట్టు కాదు, తాను ఎక్కినది గుట్ట అని అవ్వ దిద్దింది. కాసేపటికి ఆమే గొంతు సవరించుకొని కథ అందుకున్నది. పాస్టరు గారు సంచీ పక్కన పెట్టి నేల మీద చాప లాగుకొని కూర్చున్నారు. ప్రార్థన చేయవలసిన వేళ దాటిపోయినా ఆయన తొందరపడలేదు. ఎలుగుబంటి ఇంకా గుట్ట కిందనే ఉన్నది.